ఒకే లైటింగ్, రెండు భాషలు: చెన్నైకీ హైదరాబాద్‌కీ మధ్య దర్శకుల పని

ఒక తమిళ దర్శకుడు తెలుగులో సినిమా ఒప్పుకున్నాడని తెలిస్తే ఫిల్మ్‌నగర్‌లో ముందు అడిగేది "స్ట్రెయిటా, రీమేకా, బైలింగ్వలా?" అని. స్ట్రెయిట్ అంటే నేరుగా తెలుగులోనే తీసేది, రీమేక్ అంటే ఒక భాషలో వచ్చిన కథను ఇంకో భాషలో మళ్లీ తీసేది, బైలింగ్వల్ (ద్విభాషా చిత్రం) అంటే ఒకేసారి రెండు భాషల్లో తీసేది. హీరో ఎవరన్నది ఆ తర్వాతి మాట. ఈ మూడింటికీ బడ్జెట్ వేరు, కాల్షీట్ల లెక్క వేరు, దర్శకుడి తలనొప్పి కూడా వేరు. బయటివాళ్లు మాత్రం మూడింటినీ కలిపి "రెండు భాషల దర్శకుడు" అనేస్తారు. ఎస్.జె.సూర్య, గౌతమ్ మీనన్, మురుగదాస్, మోహన్ రాజా, ఇటు నుంచి అటు వెళ్లిన వంశీ పైడిపల్లి, వీళ్లందరిదీ ఒకే రకం ప్రయాణం అనుకుంటే అసలు పని ఎక్కడ జరుగుతుందో కనబడదు.

రీమేక్ సంగతి చప్పున తేల్చేయొచ్చు. ఒకసారి తీసి, జనం ఎక్కడ నవ్వారో ఎక్కడ బయటికి లేచి వెళ్లారో చూసుకుని మళ్లీ తీసే అవకాశం అది. ఎస్.జె.సూర్య 2000లో విజయ్, జ్యోతికలతో తమిళ 'ఖుషి' తీసి, 2001లో పవన్ కల్యాణ్, భూమికలతో తెలుగులో మళ్లీ తీశాడు. నిర్మాత రెంటికీ ఎ.ఎం.రత్నమే. కానీ సంగీతం మారింది, దేవా స్థానంలో మణిశర్మ వచ్చాడు. కథ అస్థిపంజరం అదే, ఒంటి మీద కండ మాత్రం తెలుగుది. 'మిస్సమ్మ'లోని "ఆడువారి మాటలకు" పాటను మళ్లీ కట్టి పెట్టడం అందులో భాగమే. తమిళ ప్రేక్షకుడికి ఆ పాటతో అంత బంధం లేదు, ఇక్కడ హాలంతా కలిసి పాడింది. మోహన్ రాజా దారి ఇంకా తమాషాగా ఉంటుంది. 2001లో తెలుగు 'హనుమాన్ జంక్షన్'తో మొదలుపెట్టి, తెలుగు హిట్లను తమిళానికి తీసుకెళ్లి ('జయం', ఆ తర్వాత 'అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి' తమిళ రూపం) పేరు తెచ్చుకుని, 2015లో సొంత కథ 'తని ఒరువన్' తీసి, 2022లో మలయాళ 'లూసిఫర్' ఆధారంగా 'గాడ్ ఫాదర్'తో మళ్లీ హైదరాబాద్ వచ్చాడు.

అసలు చిక్కు ఒకేసారి రెండు భాషల్లో తీయడంలో ఉంది.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. మద్రాసు వాహినీ స్టూడియోలో విజయా వారు దీన్ని ఏనాడో ఒక పద్ధతిలో పెట్టారు. 1955లో ఎల్.వి.ప్రసాద్ 'మిస్సమ్మ'నూ తమిళ 'మిస్సియమ్మ'నూ కలిపి తీశారు. తెలుగులో ఎన్టీఆర్ చేసిన వేషం తమిళంలో జెమినీ గణేశన్‌ది, ఏఎన్నార్ వేషం తంగవేలుది. సావిత్రి, జమున, ఎస్వీ రంగారావు రెంటిలోనూ ఉన్నారు. 1957 'మాయాబజార్'కీ ఇదే సూత్రం. కృష్ణుడు ఎన్టీఆరే, ఘటోత్కచుడు రంగారావే, అభిమన్యుడు మాత్రం తమిళంలో జెమినీ గణేశన్. లక్ష్మణ కుమారుడిగా తెలుగులో రేలంగి, తమిళంలో తంగవేలు. ఎవరిని మార్చారో గమనించండి: ప్రేమ పండించాల్సినవాడినీ, నవ్వించాల్సినవాడినీ. ఘటోత్కచుడి మేకప్ గంటల పని, ఒకసారి వేశాక రెండు భాషలూ తీసేసుకోవచ్చు. పైగా రాక్షసుడి మాటకు ఏ ఊరి యాసా అక్కర్లేదు. హాస్యం అలా కాదు. ఒక ఊళ్లో పేలిన జోకు ఇంకో ఊళ్లో చప్పగా చల్లారిపోతుంది. డెబ్భై ఏళ్ల తర్వాత కూడా ద్విభాషా చిత్రాల్లో కమెడియన్ సీన్లనే ముందుగా విడదీస్తారు.

ఇంకో సూత్రం రాసుకునే దశలోనే పడాలి. రెండు భాషల్లో నిలబడిన సినిమాలను వరసగా పెట్టి చూస్తే, చాలావాటిలో కథ ఆంధ్రలోనూ ఉండదు, తమిళనాడులోనూ ఉండదు, మూడో చోట ఉంటుంది. బాలచందర్ తమిళంలో 1980లో, తెలుగులో 'ఆకలి రాజ్యం'గా 1981లో విడుదల చేసిన కథ ఢిల్లీలో జరుగుతుంది. నిరుద్యోగి కుర్రాడికి చెన్నై అయినా బెజవాడ అయినా ఢిల్లీ ఒకటే దూరం. వీధి బోర్డులు హిందీలో ఉంటాయి, ఇంటి యజమాని హిందీలో తిడతాడు, రెండో భాషకు ఏదీ మార్చక్కర్లేదు. మార్చాల్సిన దాన్ని మాత్రం మార్చాడు. తమిళంలో కుర్రాడి నోట భారతియార్ కవిత, తెలుగులో శ్రీశ్రీ. భారతి కవితనే తెలుగు చేసి అనిపించి ఉంటే ఆ పాత్ర అక్కడే అనువాదం అయిపోయేది.

1989 'గీతాంజలి' మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన ఒకే ఒక్క సినిమా. కథ ఊటీ పొగమంచులో నడుస్తుంది. తర్వాత అదే తమిళంలోకి డబ్బింగ్ అయి అక్కడా ఆడింది. గౌతమ్ మీనన్ తమిళంతో కలిపి తీసిన 2010 'ఏమాయ చేసావే'లో అమ్మాయి అలప్పుజ క్రైస్తవ కుటుంబం పిల్ల. తెలుగు కార్తీక్‌కూ తమిళ కార్తీక్‌కూ ఆమె సమానంగా పరాయి. చర్చి, పడవలు, కేరళ ఇల్లు రెండు వెర్షన్లకూ పనికొస్తాయి. 'బాహుబలి'ది ఇంకా సులువు, మాహిష్మతిలో కారు నంబర్ ప్లేటు ఉండదు. తెలుగు, తమిళం రెంటిలోనూ నటులతో మాటలు పలికిస్తూ రామోజీ ఫిల్మ్ సిటీలో తీశారు. తమిళ సంభాషణలు మదన్ కార్కి ప్రత్యేకంగా రాశాడు. శేఖర్ కమ్ముల 2025 'కుబేర'కు ముంబై దొరికింది.

కథ అచ్చంగా హైదరాబాద్ గల్లీలోనో మదురై సందులోనో ఉంటే మాత్రం ద్విభాషా చిత్రం అనే ఆలోచన మానుకుని, ఒక భాషలో తీసి డబ్బింగ్ చేయడమే మంచిదని నా అభిప్రాయం. ఊరు మార్చి రాసిన కథలో ఏదో ఒక గోడ పోస్టర్ పట్టించేస్తుంది.

ఇప్పుడు సెట్‌లోకి వద్దాం. అన్నపూర్ణలో ఒక కాఫీ షాపు సెట్ వేశారు, ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే రెండు పేజీల సీను అనుకుందాం. మొత్తం పన్నెండు షాట్లు. తలుపు తీసుకుని లోపలికి వచ్చే వైడ్ ఒకటి, దూరం నుంచి ఇద్దరినీ చూపే వైడ్ ఒకటి, భుజం మీదుగా తీసేవి నాలుగు, క్లోజప్‌లు నాలుగు, కాఫీ కప్పు ఇన్సర్ట్ (వస్తువును మాత్రమే దగ్గరగా చూపే షాట్) ఒకటి, ఫోన్‌లో మెసేజ్ ఇన్సర్ట్ ఒకటి. లోపలికి రావడం, దూరం వైడ్, కాఫీ కప్పు, మాట్లాడకుండా వింటున్న ఒక క్లోజప్, ఈ నాలుగూ కామన్. వీటిని ఒక్కసారి తీస్తే రెండు వెర్షన్లకూ వాడుకోవచ్చు. మిగిలిన ఎనిమిదీ రెండుసార్లు తీయాలి. ఫోన్ మెసేజ్ కూడా అందులోదే, దాన్ని మర్చిపోయే టీములు చాలా ఉంటాయి. అంటే పన్నెండు కాస్తా ఇరవై అవుతుంది. కానీ రోజులు రెట్టింపు కావు, ఎందుకంటే సెట్‌లో ఎక్కువ సమయం తినేది లైటింగ్. లైటు ఒకసారి పెట్టాక, లెన్స్ మార్చకుండా, కెమెరా కదపకుండా రెండో భాష తీసేస్తారు. ఒక భాష మొత్తం పూర్తి చేసి తర్వాత రెండోది తీద్దామనుకుంటే, ఈ లాభం మొత్తం పోతుంది.

ఇక్కడ చాలామంది చేసే తప్పు, ప్రతి షాట్‌నూ ఒకే భాషతో మొదలుపెట్టడం. ఎప్పుడూ తెలుగు ముందు, తమిళం తర్వాత అని పెట్టుకుంటే తమిళ వెర్షన్‌కు దక్కేదంతా అలసిన నటన. ఏడుపు సీన్లలో ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మొదటిసారి నిజంగా కళ్లు తడుస్తాయి, రెండోసారి గ్లిజరిన్ అడుగుతారు. దీనికి విరుగుడు, మొదటి షాట్ తెలుగు-తమిళం, తర్వాతి షాట్ తమిళం-తెలుగు, అలా తిప్పుకుంటూ పోవడం. భాష మారే సందర్భాలు కూడా తగ్గుతాయి. తమిళంతో ముగించి తమిళంతోనే తర్వాతి షాట్ మొదలవుతుంది కాబట్టి నటుల నాలుక కూడా కుదురుగా ఉంటుంది.

'ఏమాయ చేసావే'లా రెండు జంటలైతే కథ వేరు. తమిళంలో శింబు, త్రిష. తెలుగులో నాగచైతన్య, సమంత. జంట మారితే ఎత్తు మారుతుంది, ఫోకస్ పుల్లర్ (కెమెరా ఫోకస్ చూసే మనిషి) నేల మీద వేసిన మార్కులు మారతాయి, కంటి మీద పడాల్సిన లైటు నుదుటి మీద పడుతుంది. ఆ పద్ధతిలో లాభం ఒకటే, రెండు జంటలూ తమకు రాని భాష మాట్లాడే అవస్థ కొంత తగ్గుతుంది. ముగింపు కూడా మార్చుకోవచ్చు. తమిళంలో జెస్సీ ఇంకొకరిని పెళ్లి చేసుకుంటుంది, తెలుగులో ఇద్దరూ ఒక్కటవుతారు. రెండు సినిమాలూ 2010 ఫిబ్రవరి 26న ఒకే రోజు విడుదలయ్యాయి. తెలుగు ముగింపు రాజీ అని వెక్కిరించేవాళ్లున్నారు. నాకు అలా అనిపించదు. తెలుగు వెర్షన్‌లో ఆ జంట మధ్య ఉన్న చిలిపితనం వేరు, ఆ నడకకు ఆ ముగింపే అతుకుతుంది. సమంతకు చిన్మయి గొంతు పెట్టడం కూడా ఆ చిలిపితనంలో సగం.

కంటిన్యూటీ (ఒక షాట్‌కూ తర్వాతి షాట్‌కూ తేడా రాకుండా) చూసే అసిస్టెంట్‌కు ద్విభాషా సినిమా నరకం. కాఫీ కప్పులో కాఫీ ఎంత ఉందో తెలుగు టేక్‌కొకటి, తమిళ టేక్‌కొకటి రాసుకోవాలి. అవుట్‌డోర్ అయితే సూర్యుడు ఎవరికోసమూ ఆగడు. తెలుగు క్లోజప్ నాలుగున్నరకు, తమిళ క్లోజప్ అయిదున్నరకు తీస్తే ఒకటి తెల్లగా, ఒకటి నారింజ రంగులో వస్తుంది. కలర్ గ్రేడింగ్‌లో కొంత సర్దొచ్చు గానీ ముఖం మీద పడే నీడ పొడవును ఎవరూ సర్దలేరు. క్లాప్ బోర్డు మీద సీను నంబరు పక్కన భాష రాయడం, కార్డు కాపీ చేసేటప్పుడు రెండు ఫోల్డర్లు పెట్టడం చిన్న పనుల్లా ఉంటాయి. అది తప్పితే ఎడిటింగ్ టేబుల్ దగ్గర తెలుగు సీనులో తమిళ టేక్ ఉందని మూడు వారాల తర్వాత బయటపడుతుంది, అప్పటికి సెట్ కూల్చేసి ఉంటారు.

ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌కు విడిగా ఒక జాబితా ఉండాలి. కారు నంబర్లు మొదటిది. తెలుగు వెర్షన్ హైదరాబాద్‌లో జరిగితే 2014 ముందు కథకు ఏపీ, ఆ తర్వాత టీఎస్, 2024 నుంచి కొత్త బండికి టీజీ, తమిళానికి టీఎన్. షాపు బోర్డులు, న్యూస్ పేపర్, పోలీస్ స్టేషన్ బోర్డు, పోలీసు భుజం మీది బ్యాడ్జీ, ఆసుపత్రి ఫైలు, శుభలేఖ. పెళ్లి సీను ఉంటే నిర్మాత ముందే గుండె రాయి చేసుకోవాలి. తెలుగు పెళ్లిలో అడ్డుతెర, జీలకర్ర-బెల్లం, తలంబ్రాలు లేకపోతే హాల్లో పెద్దవాళ్లు వెంటనే గొణుగుతారు. తమిళ పెళ్లిలో జీలకర్ర-బెల్లం కనిపిస్తే అక్కడివాళ్లకు అదేమిటో అర్థం కాదు. తాళి ఆకారం కూడా వేరు, కాబట్టి ఆ సీను తర్వాత హీరోయిన్ మెడ కనిపించే ప్రతి షాట్‌లోనూ అది మారాలి. అందుకే తెలివైన రచయితలు ద్విభాషా కథలో రిజిస్టర్ ఆఫీసు పెళ్లి పెట్టేస్తారు!

భాష రాని నటుడి సంగతి. కెమెరా పక్కన నిలబడి అసిస్టెంట్ డైలాగు అందిస్తుంటాడు, నటుడు విని చెబుతాడు. దాన్నే ప్రాంప్టింగ్ అంటారు. ఇది కళ్లలో దొరికిపోతుంది. వాక్యం మధ్యలో ఒక క్షణం చూపు ఆగుతుంది, తల చెవి వైపు కాస్త ఒరుగుతుంది. అలాంటి టేకులు ఎక్కువైతే ఎడిటర్‌కు ఒకటే దారి, మాట్లాడేవాడిని వదిలి వినేవాడి ముఖానికి కట్ చేయడం. ఒక సినిమాలో ఎవరు మాట్లాడినా ఎదుటివాడి ముఖమే చూపిస్తున్నారంటే నిశ్చింతగా అనుమానించొచ్చు. అంతకంటే మేలైన పద్ధతి, డైలాగులను నటుడికి వచ్చిన లిపిలో పెద్ద అక్షరాలతో రాసి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో గీత పెట్టి, ముందు రోజే అర్థం చెప్పి ఇవ్వడం.

పెదవుల లెక్క డబ్బింగ్ థియేటర్లో తేలుతుంది. ద్విభాషా సినిమాలోనూ చాలావరకు సెట్‌లో పైలట్ ట్రాక్ (డబ్బింగ్‌కు గుర్తుగా పనికొచ్చే సౌండ్) మాత్రమే తీసుకుని, తర్వాత స్టూడియోలో మాటలు చెప్పిస్తారు. సెకనుకు 24 ఫ్రేములు. మాట రెండు మూడు ఫ్రేములు వెనకబడితే చాలు, చూసేవాడికి కారణం తెలియకపోయినా ఏదో తేడాగా ఉంటుంది. ప, బ, మ అనేటప్పుడు పెదాలు పూర్తిగా మూసుకోవాలి, వీటిని దాచడం కుదరదు. క, గ, న, ల లాంటివాటికి వెసులుబాటు ఉంది. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది, నోరు తెరిచే ఉంటుంది. తమిళంలో చాలా మాటలు హల్లుతో ముగుస్తాయి. "వేండాం" అని మూసుకున్న నోటి మీద "వద్దు" అంటే చివర్న పెదాలు దొరికిపోతాయి. చెయ్యి తిరిగిన డబ్బింగ్ రచయిత ఆ మాటను ముందుకు లాగి, ఆఖరి పదం కట్ అయ్యాక పడేలా రాస్తాడు. లేదా నటుడు తల తిప్పేదాకా ఆగుతాడు. నేరుగా రెండుసార్లు తీసిన సినిమాలో ఈ గారడీ అవసరం లేదు. డబ్బు ఎక్కువ ఖర్చుపెట్టేది దీనికోసమే.

పాటల్లో ఇదే లెక్క ఇంకోలా వస్తుంది. ట్యూన్ ఒకటే, సాహిత్యం వేరు. యాభై మంది డాన్సర్లతో ప్రతి బిట్‌నూ రెండుసార్లు తీయడం ఎవరి వల్లా కాదు. కాబట్టి పల్లవి మొదటి రెండు లైన్లు, చరణం చివర్లో ఒక లైను మాత్రమే పెదవులు కనిపించేలా తీసి, మిగతాది నడకలు, చూపులు, బైకు మీద తిరగడాలతో నింపుతారు. ద్విభాషా ప్రేమకథల్లో మాంటేజ్ పాటలు అన్ని ఉండటానికి కళాత్మక కారణాలు చెబుతారు గానీ, షెడ్యూలు కారణం కూడా ఉంది.

ఎడిటింగ్‌లో రెండు టైమ్‌లైన్లు పక్కపక్కనే నడుస్తాయి. అదే సీను రెండు భాషల్లో ఒకే నిడివి రాదు. కదిలే ట్రాలీ షాట్‌లో డైలాగు ఎక్కువైతే ట్రాలీ ఆగిపోయాక కూడా మనిషి మాట్లాడుతూనే ఉంటాడు, కాబట్టి ట్రాలీ వేగాన్ని భాషను బట్టి సెట్‌లోనే మార్చుకోవాలి. నేపథ్య సంగీతాన్ని మొదటి వెర్షన్‌కు కట్టి, రెండోదానికి అతికిస్తే, డప్పు దెబ్బ చెంపదెబ్బ కంటే ముందు పడుతుంది. అడుగుల చప్పుడు, తలుపు చప్పుడు మాత్రం రెండింటికీ ఒకే ట్రాక్ సరిపోతుంది.

ఇంత చేసినా, తమిళ దర్శకుడు తెలుగులో నిలబడతాడా లేదా అన్నది చివరికి మాటల రచయిత చేతిలో ఉంటుంది. బాలచందర్‌కు గణేశ్ పాత్రో దొరికాడు. 'మరోచరిత్ర' (1978), 'ఇది కథ కాదు' (1979), 'ఆకలి రాజ్యం', 'రుద్రవీణ' (1988), అన్నింటికీ మాటలు ఆయనవే. నాటకం నుంచి వచ్చిన రచయిత కాబట్టి మాట నటుడి నోట్లో ఎలా పలుకుతుందో తెలుసు. తమిళంలో ఆలోచించిన సీను ఆయన కలం కిందకు వచ్చేసరికి విశాఖ తీరంలో పుట్టినట్టు ఉంటుంది. 'మరోచరిత్ర' అయితే తమిళం చేయకుండానే మద్రాసులో ఏడాదికి పైగా ఆడింది, భాష అడ్డు పడటమే అందులో కథ మరి. ఈమధ్య కొందరు తమిళ దర్శకులు తమిళ స్క్రిప్టును ఇచ్చి "తెలుగు చేసిపెట్టండి" అంటున్నారు. అప్పుడు వచ్చేది మాటలు కాదు, సబ్‌టైటిళ్లు. రచయితను కథా చర్చలకు పిలిచి, కనీసం రిహార్సల్ వేళకైనా సెట్‌లో ఉంచుకుంటే ఫలితం వేరు.

స్ట్రెయిట్ అన్న ముద్ర ఎందుకంత ముఖ్యమో వ్యాపారంలో తెలుస్తుంది. 2022 నవంబరులో, సంక్రాంతికి థియేటర్ల కేటాయింపులో నేరు తెలుగు చిత్రాలకే మొదటి ప్రాధాన్యం ఇవ్వాలని తెలుగు నిర్మాతల మండలి కోరింది. తగువు నడుమ వంశీ పైడిపల్లి తీసిన తమిళ 'వారిసు' 2023 జనవరి 11న వచ్చింది, దాని తెలుగు రూపం 'వారసుడు' మాత్రం 14న వచ్చింది. దర్శకుడు తెలుగువాడు, నిర్మాత దిల్ రాజు, అయినా అది తమిళ సినిమాగానే లెక్క. అదే దర్శకుడి 2016 'ఊపిరి' మాత్రం తమిళ 'తోళా'తో కలిపి తీసింది. నాగార్జున, కార్తీ, తమన్నా రెంటిలోనూ ఉన్నారు, ఇక్కడ దాన్ని ఎవరూ డబ్బింగ్ అనలేదు. సెన్సార్‌లోనూ ఏ భాషకు ఆ భాష సర్టిఫికెట్ తీసుకోవాలి. డబ్బింగ్ అయితే సినిమా మొదట్లో కనిపించే ఆ కాగితం మీద భాష పక్కనే ఆ సంగతి ఉంటుంది.

ఓటీటీలో రెండు వెర్షన్లూ ఉన్న సినిమా దొరికితే, ఫైట్లూ పాటలూ వదిలేసి భోజనాల బల్ల సీను ఒకటి పట్టుకోండి. రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి, సౌండ్ తీసేసి చూడండి. గ్లాసులో నీళ్ల మట్టం, వెనక గోడ మీది క్యాలెండర్, మాట ముగిశాక పెదాలు మూసుకున్నాయా లేదా, ఈ మూడూ చూస్తే ఏది ముందు తీశారో, ఏది తర్వాత తీశారో, అసలు తీయనే లేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది.